దేహానికీ మనపై హక్కుంది: ఒళ్లు నొప్పులు, మర్దన, రోజువారీ సేద



ప్రతి ఏటా మన సంచికలో చదువుల సాయం గురించి, రంజాన్ రేషన్ గురించి, పేదింటి పెళ్లిళ్ల గురించి చదువుతున్నాం. ఈసారి ప్రతి ఇంట్లో ఉండి కూడా ఎవరి లెక్కలోకీ రాని ఒక విషయం రాస్తున్నాను. అదే ఒళ్లు నొప్పి. దాన్ని ఖర్చు లేకుండా, ప్రమాదం లేకుండా తగ్గించుకునే దారులేమిటో ఒక పాఠంలా చెప్పాలని నా ప్రయత్నం.

మన తోటపల్లి గూడూరు మండలంలో పనంతా ఒంటితో చేసే పనే. వరినాట్లప్పుడు ఆడవాళ్లు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నడుము వంచే ఉంటారు. రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవారికి రాత్రి నిద్ర ఉండదు. రొయ్యలు ఒలిచేవారి చేతులు గంటల తరబడి ఐసు నీళ్లలోనే నానుతాయి. కుట్టుమిషన్ తొక్కే అక్కకు మెడ, భుజం పట్టేస్తాయి. కోడూరు తీరంలో వల లాగేవారికి చేతులు, వీపు ఒకటే పోటు. సాయంత్రానికి అందరి నోటా ఒకే మాట: "ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది."

దానికి అందరూ చేసే వైద్యం కూడా ఒకటే. మందుల షాపులో నొప్పి మాత్ర అడిగి వేసుకోవడం. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి మాత్రలు డాక్టరు చెప్పినన్ని రోజులు వాడితే మేలే. అడిగేవారు లేక నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. బీపీ, షుగరు ఉన్నవారికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. కీళ్ల నొప్పులకని పేరూ ఊరూ లేని పొడులు పొట్లాలు కట్టి అమ్ముతుంటారు. అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉండే ప్రమాదం ఉంది. వేసుకున్న రోజే హాయిగా ఉండటానికి కారణం అదే కావచ్చు. రూపాయి మాత్రతో మొదలైన ఖర్చు ఆఖరికి డయాలిసిస్ దాకా పోతే ఆ కుటుంబం మళ్లీ మన సొసైటీ గుమ్మం ముందుకే రావాలి. అందుకే ఇది దాతలు ఆలోచించవలసిన విషయం అంటున్నాను.

ధర్మం ఏం చెబుతోంది?

ఒంటిని పట్టించుకోవడం సుఖలాలస అని, దీన్‌కు సంబంధం లేని పని అని కొందరి అభిప్రాయం. పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు అంటూ మితిమీరుతున్న అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) గారిని దైవప్రవక్త (సఅసం) వారించారు. శరీరానికి, కళ్లకు, ఇంటివారికి కూడా మన మీద హక్కులున్నాయని ఆయనకు గుర్తుచేశారు. ఆరాధన విషయంలోనే అలా చెప్పారంటే కూలిపని విషయంలో వేరే చెప్పాలా?

తిరగలి విసిరి విసిరి ఫాతిమా (రజి) గారి చేతులు కాయలు కాచాయి. పనికి ఒక మనిషి కావాలని ఆమె అడగబోయారు. విషయం తెలిసిన ప్రవక్త (సఅసం) ఆ రాత్రి స్వయంగా వారింటికి వెళ్లారు. పడుకునే ముందు సుబ్‌హానల్లాహ్ 33 సార్లు, అల్‌హమ్దులిల్లాహ్ 33 సార్లు, అల్లాహు అక్బర్ 34 సార్లు పలకమని నేర్పారు. ఈ సంఘటనలో మనం గమనించవలసినవి రెండు. అలసిన చేతుల మొర వినడానికి ఆయన నడిచి వెళ్లారు. పడుకోబోయే వేళను మనసు నెమ్మదించే వేళగా మలిచారు.

మన పెద్దల వైద్యం

మర్దన మనకు పట్నం స్పాలతో వచ్చిన కొత్త సంగతి కాదు. బిడ్డకు నూనె రాసి కాళ్లు చేతులు సాగదీయడం, బాలింతకు నలభై రోజులు ఒళ్లు పట్టడం, పెళ్లికూతురికి హల్దీ పెట్టడం, ఆదివారం తలంటు, సున్నిపిండి నలుగు... ఇవన్నీ మన ఊళ్లలో అన్ని మతాల ఇళ్లలోనూ ఉన్నవే.

యునానీ వైద్యంలో మర్దనను 'దల్క్' అంటారు. మందు ఇవ్వకుండా చేసే చికిత్సలలో హమామ్, వ్యాయామం, హిజామాలతో పాటు ఇదీ ఒకటి. ఇబ్న్ సీనా (980–1037) తన 'అల్ ఖానూన్' గ్రంథంలో దీన్ని రకాలుగా విడదీశారు. గట్టి మర్దన ఒంటిని బిగువు చేస్తుందని, మెత్తని మర్దన సడలిస్తుందని, వ్యాయామానికి ముందు చేసేది వేరు, తర్వాత అలసట తీర్చేది వేరు అని వివరించారు. వెయ్యేళ్ల నాటి ఆ విభజన నేటికీ పనికొస్తుంది. హైదరాబాదు చార్మినార్ దగ్గరి నిజామియా తిబ్బీ కళాశాలలోనూ, కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హక్ యునానీ వైద్య కళాశాలలోనూ ఈ విద్య చెబుతున్నారు.

ఈ విద్యను ఇంగ్లండుకు తీసుకెళ్లినవాడు కూడా మనవాడే. 1759లో పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ బ్రైటన్ పట్టణంలో ఆవిరి స్నానం, మర్దన కేంద్రం పెట్టి, నాలుగో జార్జి రాజుకు ఆస్థాన మర్దన వైద్యుడయ్యాడు. మనం తలకు రుద్దుకునే షాంపూకు ఆ పేరు హిందీలో ఒత్తమని చెప్పే 'చాంపో' అన్న మాట నుంచే వచ్చింది. ఇక మన ఇళ్లలో ఉండే అమృతాంజనాన్ని 1893లో బొంబాయిలో మొదలుపెట్టినవారు తెలుగువారైన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు.

మర్దన ఎలా పనిచేస్తుంది?

మన చర్మంలో మెత్తని స్పర్శకే స్పందించే సన్నని నరాలున్నాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిదానంగా నిమిరితే అవి బాగా స్పందిస్తాయని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. తల్లి బిడ్డను జోకొడుతూ నిమిరే వేగం దాదాపు అదే. ఆ స్పర్శతో మనసు కుదుటపడుతుంది, బిగుసుకున్న కండరం వదులవుతుంది, నొప్పి కబురు మెదడుకు చేరడం కొంత తగ్గుతుంది.

మర్దన చేయలేనివి కూడా తెలుసుకోవాలి. ఒంట్లోని విషాలను అది బయటికి తోయదు. ఆ పని కాలేయానిది, మూత్రపిండాలది. షుగరును, బీపీని నయం చేయదు. విరిగిన ఎముకను అతికించదు. అది సేద తీరుస్తుంది. సేద తీరిన మనిషికి నిద్ర పడుతుంది. మాత్ర అవసరం కొంత తగ్గుతుంది. అంతే చెప్పాలి, అంతకు మించి చెప్పేవారిని నమ్మకూడదు.

పావుగంట పాఠం

ఇషా నమాజు అయ్యాక, పడుకోబోయే ముందు ఎవరికి వారే చేసుకోవచ్చు. కావలసినవి రెండు చెంచాల నువ్వుల నూనె, ఒక పాత తువాలు. నూనెను పొయ్యి మీద పెట్టకండి. గిన్నెను వేడినీళ్లలో ఉంచితే గోరువెచ్చనవుతుంది.

1. పాదాలు: బొటనవేలితో అరికాలి మధ్య నుంచి మడమ వరకు గుండ్రంగా ఒత్తాలి. ఒక్కో వేలిని పట్టి నెమ్మదిగా లాగి వదలాలి. కాలికి రెండు నిమిషాలు.

2. పిక్కలు: మడమ నుంచి మోకాలి వైపు, అంటే కింది నుంచి పైకి అరచేతితో నిమరాలి. కాలికి ఒక నిమిషం.

3. చేతులు: అరచేతి మధ్య, బొటనవేలి కింది కండ, మణికట్టు వరుసగా ఒత్తాలి. రొయ్యలు ఒలిచేవారు, కుట్టుపనివారు దీన్ని ఎప్పుడూ మానకూడదు. చేతికి రెండు నిమిషాలు.

4. మెడ, భుజం: కుడిచేత్తో ఎడమ భుజం కండను పట్టి మూడు లెక్కపెట్టేదాకా ఒత్తి వదలాలి. ఇలా ఐదుసార్లు. తర్వాత రెండో వైపు. మెడను గుండ్రంగా తిప్పవద్దు, విరవవద్దు.

5. కణతలు: వేలి కొనలతో మెత్తగా, కళ్లు మూసుకుని ఒక నిమిషం.

6. ఊపిరి: నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. పదిసార్లు. ఆ తర్వాత తస్బీహ్.

లేచే ముందు అరికాళ్ల నూనెను తువాలుతో తుడిచేయండి. ఆ జిడ్డుతో నాపరాళ్ల మీద నడిచి జారి పడితే ముసలివారికి తుంటి విరుగుతుంది. షుగరు ఉన్నవారికి కాళ్లలో స్పర్శ తగ్గి ఉంటుంది. వేడినీళ్లలో కాళ్లు పెట్టి బొబ్బలెక్కినా వారికి తెలియదు. అలాంటివారు కాళ్లు నానబెట్టవద్దు. వేళ్ల సందుల్లో నూనె పూయవద్దు. రోజూ అరికాళ్లు చూసుకుంటూ పుండు, పగులు ఉంటే డాక్టరుకు చూపించాలి.

ఎప్పుడు చేయకూడదు?

ఒకే కాలికి పిక్క వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే రుద్దకూడదు. లోపల రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదికి రావచ్చు. జ్వరం, చీముగడ్డ, కాలిన గాయం, కొత్తగా తగిలిన దెబ్బ ఉన్నప్పుడు కూడా వద్దు. పడినచోట ఎముక విరిగిందన్న అనుమానం ఉంటే ఎక్స్‌రే తీయించాకే మిగతా మాట. పుత్తూరు కట్టుకు పోయే అలవాటు మన జిల్లాలో చాలామందికి ఉంది. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చినా, వేళ్లు చల్లబడి నీలంగా మారినా మాత్రం ముందు పెద్దాసుపత్రికే వెళ్లాలి.

క్షౌరం అయ్యాక మెడ పట్టుకుని టక్కున విరిపించుకోవడం చాలామంది మగవారికి సరదా. మెడలో మెదడుకు రక్తం తీసుకుపోయే ధమనులున్నాయి. 2022లో హైదరాబాదులో ఒక 50 ఏళ్ల మహిళ బ్యూటీ పార్లరులో మెడ వెనక్కి వాల్చి తల కడిగించుకుంటుండగా స్ట్రోక్ వచ్చిన ఉదంతం పత్రికల్లో వచ్చింది. కడిగినందుకే అలా జరిగితే విరిచినప్పుడు ఏమవుతుందో ఊహించండి.

పక్షవాతం విషయం మరీ ముఖ్యం. మూతి వంకర పోవడం, చేయి పడిపోవడం, మాట తడబడటం... వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా నూనె వెదకవద్దు, 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఆ గంటలు మాలిష్‌తో గడిచిపోతే జీవితాంతం మంచమే.

పసిబిడ్డలకు మెత్తగా రాయడం మంచిదే. చెవుల్లో, ముక్కులో నూనె పోయడం మాత్రం మానాలి. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. రెండేళ్ల లోపు పిల్లలకు కర్పూరం ఉన్న బాములు రాయకూడదు. గర్భిణి పొట్టను పిసకడం తల్లికీ బిడ్డకూ ప్రమాదమే.

మనం చేయగలిగింది

మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక ఇంటిపని ఇచ్చాను. వారం రోజులు అమ్మకో, నాన్నకో, నానమ్మకో ఐదు నిమిషాలు కాళ్లు ఒత్తి, వారేమన్నారో రాసుకురమ్మన్నాను. ఒక అబ్బాయి రాసింది ఒక్క వాక్యమే: రెండో కాలు మొదలుపెట్టేలోగా అమ్మ నిద్రపోయిందట. తల్లిదండ్రుల ఖిద్మత్ గురించి నేను చెప్పిన పాఠాలన్నిటికంటే ఆ వాక్యం ఎక్కువ చెప్పింది.

ఈ స్ఫూర్తితో దాతల ముందు మూడు విన్నపాలు పెడుతున్నాను.

మొదటిది, నెలకొకసారి ఒక ఫిజియోథెరపిస్టును పిలిపించి ఆడవారికి ఆడవారి చేత, మగవారికి మగవారి చేత వేరువేరు గదుల్లో ఈ పద్ధతులు నేర్పించడం. చాపలు, తువాళ్లు, ఒక డబ్బా నువ్వుల నూనె ఉంటే చాలు. అదే రోజు బీపీ, షుగరు చూస్తే రోజూ నొప్పి మాత్రలు మింగుతున్నవారు ఎవరో తెలుస్తుంది. జకాత్ హక్కుదారులను ఖుర్ఆన్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది. కాబట్టి దీనికి జకాత్ సొమ్ము ముట్టకుండా సదకా నుంచి మాత్రమే ఖర్చు పెట్టాలని నా మనవి.

రెండవది, పిల్లలు దూరదేశాలకు పోయి ఒంటరిగా ఉన్న ముసలివారి ఇళ్లకు మన యువకులు, మన ఆడపిల్లలు వారానికొకసారి వెళ్లడం. వారికి మందు బిళ్ల కంటే ముందు కావలసింది పక్కన కూర్చుని చేయి పట్టుకునే మనిషి.

మూడవది కొంచెం కటువుగా ఉండవచ్చు, మన్నించండి. మన దాతల్లో చెరువులున్నవారు, షెడ్లున్నవారు, బట్టల దుకాణాలున్నవారు ఉన్నారు. పనివారికి శక్తికి మించిన పని చెప్పవద్దని, చెప్పవలసి వస్తే మనం కూడా చేయి వేయాలని మన ధర్మం నేర్పింది. దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే హక్కు కల్పిస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. మనకు చట్టం దాకా ఎందుకు? నిలబడి పనిచేసే మనిషికి ఒక స్టూలు, ఐసులో చేతులు పెట్టే మనిషికి ఒక జత చేతి తొడుగులు, రెండు గంటలకొకసారి పది నిమిషాల విరామం ఇస్తే చాలు. సాయంత్రం నూనె రాసి తీయవలసిన నొప్పిని పగలే రాకుండా చేసినవారవుతారు. రసీదు పుస్తకంలోకి ఎక్కకపోయినా అదీ దానమే.

అడగకముందే ఇవ్వగలిగే మనసును, ఇచ్చినదాన్ని నిలుపుకునే ఆరోగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.