గృహస్థధర్మము - ఆదాయవ్యయములు

ఆధ్యాత్మికజీవనమునకును జమాఖర్చుల పుస్తకమునకును సంబంధమేమని కొందరు శంకింతురు. భగవంతునిపై భారముంచినవాడు లెక్కలు చూడనక్కరలేదని వారి తలంపు. సర్వసంగపరిత్యాగి విషయమున ఈ మాట చెల్లవచ్చును. ఆలుబిడ్డలను, వృద్ధులైన తల్లిదండ్రులను పోషింపవలసిన గృహస్థునకు ఇది చెల్లదు. లెక్క చూడనంతమాత్రమున మనస్సు ధనచింతనుండి విడివడదు. జపమాల చేతనుండగనే, ఈ నెల ఎవరిని అప్పడుగుదునా యని అది తిరుగాడుచుండును. ధనచింతను పెంచుకొనుటకు కాదు, తగ్గించుకొనుటకే పద్దు అవసరము.

కాంచనత్యాగమును బోధించిన శ్రీరామకృష్ణులే ఈ విషయమున మనకు మార్గదర్శకులు. శిష్యుడైన యోగీన్, తరువాత స్వామి యోగానందులు, ఒకనాడు అంగడివాని భక్తిని నమ్మి, పరీక్షింపకయే పగిలిన మూకుడును కొని తెచ్చెను. భక్తుడవైనంతమాత్రమున తెలివిమాలినవాడవు కానక్కరలేదని గురుదేవులు ఆయనను మందలించిరి. పండ్లు వచ్చిన గంపను ఇతరులు పారవైచినప్పుడు శ్రీశారదాదేవి దానిని తెప్పించి, కడిగించి, వాడుకకై దాచిరి. ఆసక్తి లేకుండుట వేరు, అజాగ్రత్త వేరు. ఈ రెంటిని ఒకటిగా భావించుటయే మన పొరపాటు.

ధనవిభజనము

భాగవతము అష్టమస్కంధమున, వామనావతారకథలో, శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి ధనమును ఐదు విధములుగా విభజింపవలెనని చెప్పెను. ధర్మమునకు, కీర్తికి, అర్థవృద్ధికి, స్వసుఖమునకు, తనవారికి అని ఆ ఐదు భాగములు. ఇవి సమానములుగా నుండవలెనని గ్రహింపనక్కరలేదు. ఏ ఒక్కటియు తక్కినవానిని మ్రింగకుండుటయే ముఖ్యము.

నెలకు 30,000 రూపాయల ఆదాయముగల కుటుంబమును తీసికొందము. అద్దె, వంటసరకులు, చదువు, మందులు మున్నగువానికి 20,000, ఆపదలకును ముందునాళ్లకును నిలువ 4,000, బంధుమిత్రుల శుభకార్యములకు 2,500, వేడుకలకు 2,000, దానధర్మములకు 1,500. ఈ అంకెలు ఉదాహరణమాత్రములు. ఎవరి స్థితికి తగినట్లు వారు మార్చుకొందురు గాక. కాని క్రమమును మాత్రము మార్చరాదు. జీతము అందిన దినముననే దానమునకును నిలువకును చెందిన భాగములను వేరుపరుపవలెను. నెలాఖరున మిగిలినది దాచుదమనుకొన్నవానికి ఏమియు మిగులదు. కోరిక కంటికి కనబడినంత ధనమును కోరును.

ఏటికొకసారి వచ్చు ఖర్చులను మరువరాదు. పండుగ బట్టలు, బడి రుసుము, బీమా కలిసి ఏటికి 12,000 అగుచో, నెలనెలా 1,000 రూపాయలు ప్రక్కన పెట్టవలెను. దసరా ప్రతి సంవత్సరమును వచ్చునదే. దానిని అనుకోని ఖర్చు అనుట మనలను మనము మోసగించుకొనుట.

నిలుకడకు ఉపాయములు

పద్దు వ్రాయుట సులభము, దానికి కట్టుబడుట కష్టము. 1888లో న్యాయశాస్త్రము చదువుటకై లండను చేరిన గాంధీమహాత్ముడు అచట ప్రతి కాసును లెక్క వ్రాసి, రాత్రి నిద్రించుటకు ముందు నిలువను సరిచూచుకొనెడివారు. ఖర్చును సగమునకు తగ్గింప నిశ్చయించి, బండికూలి మాని దూరములు నడిచిరి. తరువాత లక్షల ప్రజాధనము తమ చేతిమీదుగా నడచినను అప్పుపడక నిలువ చూపగలుగుటకు ఆ అలవాటే కారణమని ఆత్మకథలో వ్రాసిరి. ఇంటి లెక్కయందు అలవడిన సత్యమే లోకసేవయందును నిలిచెను.

నేడు ఈ జాగ్రత్త మరింత అవసరము. 2016లో యు.పి.ఐ. పద్ధతి వచ్చినది మొదలు ఫోనుతోనే చెల్లింపులు జరుగుచున్నవి. సౌకర్యము మంచిదే. కాని నోటును లెక్కించి ఇచ్చునప్పటి తడవు ఇప్పుడు లేదు. వివేకము మేల్కొనుటకు ఆ తడవే అవకాశమిచ్చెడిది. కావున దానిని మనమే కల్పించుకొనవలెను. అత్యవసరము కాని వస్తువును కోరిన వారము దినములవరకు కొనకుందుము గాక. పెక్కు కోరికలు ఆ లోపలనే అణగిపోవును. ప్రతి చెల్లింపును ఆనాటి రాత్రియే పుస్తకమున వ్రాయుదము గాక.

ప్రతిష్ఠకై చేయు అప్పు మిగుల ప్రమాదకరము. పెండ్లి ఘనముగా జరుపుటకై నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీపై లక్ష తెచ్చినచో, ఏటికి 24,000 వడ్డీయే అగును. అసలు అట్లే నిలుచును. పైన చెప్పిన కుటుంబము నెలనెలా నిలువకై ఉంచుదానిలో సగము దీనికే పోవును. విందు ఒక దినము, వడ్డీ సంవత్సరములు. ఇట్టి అప్పును భార్యకు తెలియనీయక దాచుట సత్యమునకే హాని. నెలకొకసారి దంపతులిద్దరును కూర్చుండి పద్దును చూడవలెను. ఎదిగిన బిడ్డలకును చూపవలెను. ఇంటి స్థితి తెలిసిన బిడ్డ అడుగుటలో మితము నేర్చుకొనును.

కట్టుబాటు తప్పిన నెలలు ఉండును. అందులకు పుస్తకమును మూసివేయరాదు. చంచలమైన మనస్సునకు గీతయందు చెప్పబడిన అభ్యాసవైరాగ్యములే ఇచటను ఉపాయములు. తప్పిన చోటును గుర్తించి మరుసటి నెల మరల ప్రారంభింపవలెను.

బలి గురువాక్యమును మీరి సర్వమును వామనునకు ధారపోసెను గదా, ఇక విభజనముతో పనియేమని అడుగవచ్చును. బలి ఆ హద్దును ఆశచేత దాటలేదు. ఇచ్చిన మాటను నిలుపుటకై దాటెను. ఇచ్చినదియు తనదే, అప్పు తెచ్చినది కాదు. మనమో, అంగడిలోని వస్తువును చూచి, ఇరుగుపొరుగువారి వైభవమును చూచి హద్దు దాటుచున్నాము. సర్వమును భగవదర్పణము చేయగల శక్తి కలుగువరకు మనకు హద్దు కావలెను. నెల మొదట వ్రాసికొన్న పద్దు మనకు మనము ఇచ్చుకొన్న మాట. చిన్న మాటను నిలుపుకొనుట నేర్చినవాడు పెద్ద మాటను నిలుపుకొనుటకును అర్హుడగును.