గొడ్డలి పుట్టిన కొలిమిలో కమాను ఎందుకు పుట్టదు?

కాటారం కూడలిలో ఒక గంటసేపు నిలబడి చూడండి. ఒక రోడ్డు మంథని వైపు, ఒకటి మహాదేవపూర్ మీదుగా కాళేశ్వరం వైపు, మరొకటి భూపాలపల్లి వైపు పోతాయి. లారీలు, ట్రాక్టర్ ట్రాలీలు, అడవి పల్లెలకు పోయే జీపులు వస్తూ పోతూ ఉంటాయి. ఏదైనా లారీ ఆగి, ఇంజను కూడా ఆపినప్పుడు, కాస్త దూరం నుండే వంగి చక్రం వెనుక భాగం చూడండి. ఇరుసు దగ్గర విల్లులా వంగిన ఉక్కు పట్టీలు ఒకదానిపై ఒకటి పేర్చి కట్టి ఉంటాయి. అవే కమాను కట్టలు. అన్నిటికన్నా పొడవైన పట్టీకి రెండు కొసలూ చుట్ట చుట్టి ఉంటాయి. మిగిలినవి క్రమంగా పొట్టివవుతూ పోతాయి.

ఇప్పుడు ఊళ్లో కమ్మరి కొలిమి దగ్గరికి వెళ్దాం. అక్కడ కూడా ఇవే పట్టీలు కనిపిస్తాయి! విరిగి మూలపడ్డ లారీ కమాను పట్టీని కొని, ముక్కలుగా కోసి, కాల్చి, సమ్మెటతో సాగగొట్టి గొడ్డళ్లు, కత్తులు తయారు చేస్తారు. కమాను ఉక్కుతో చేసిన గొడ్డలి అంటే రైతుకు ఎంతో నమ్మకం.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. మీ చిన్నాన్నకు ఒక పాత జీపు ఉందనుకోండి. వానాకాలంలో అడవి బాట మీద పోతుండగా గుంతలో పడి పట్టీ ఒకటి విరిగింది. కొత్తది కావాలంటే వరంగల్ పోవాలి. "అంత దూరం ఎందుకు? ఇనుప ముక్క తెచ్చి మనమే వంచుదాం. లేదంటే విరిగినదాన్నే వెల్డింగుతో అతికిద్దాం" అన్నాడు చిన్నాన్న. పట్టీతో గొడ్డలి చేయగల కమ్మరి, గొడ్డలికన్నా తేలికగా కనిపించే ఈ వంపు పట్టీని చేయలేడా? ఆ జీపులో రేపు బడికి పోయేది మీరే కనుక, జవాబు తెలుసుకోవడం అవసరం.

ఒకే దిమ్మ ఎందుకు కాదు?

ముందు కమాను చేసే పని చూద్దాం. చక్రం రాయి ఎక్కినప్పుడు ఆ దెబ్బ నేరుగా బండికి తగలకుండా కమాను వంగి తనలో దాచుకుంటుంది. తర్వాత మళ్లీ తన ఆకారానికి వస్తుంది. ఈ గుణాన్నే స్థితిస్థాపకత అంటారని మీరు పాఠంలో చదివే ఉంటారు. బరువు ఎంత పెరిగితే సాగడం అంత పెరుగుతుందని ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. అయితే దీనికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటితే వస్తువు వంగినది వంగినట్టే ఉండిపోతుంది, లేదా విరుగుతుంది.

అలాంటప్పుడు అన్ని పట్టీలు ఎందుకు? ఒకే మందపాటి దిమ్మ పెట్టవచ్చు కదా? ఇది మీరే పరీక్షించి చూడండి.

ఒకే రకమైన సన్నని చెక్క బద్దలు నాలుగు తీసుకోండి. రెండింటిని ఊరికే ఒకదానిపై ఒకటి పెట్టండి. మిగిలిన రెండింటిని చెక్కలు అతికే బంకతో నిండుగా అతికించి, ఒక రోజు ఆరనివ్వండి. రెండు ఇటుకల మీద వాటిని వంతెనలా నిలిపి, నడుమ ఒక డబ్బా వేలాడదీసి, అందులో కొద్దికొద్దిగా గులకరాళ్లు వేయండి. విడి బద్దలు ఒక సెంటీమీటరు వంగడానికి ఎన్ని రాళ్లు పట్టాయో, అతికిన బద్దలు అంతే వంగడానికి ఇంచుమించు దానికి నాలుగు రెట్లు పడతాయి.

కారణం ఏమిటి? పట్టీ మందం రెండింతలైతే దాని బిరుసు రెండింతలు కాదు, 2 × 2 × 2, అంటే 8 రెట్లు అవుతుంది. విడివిడిగా ఉన్న రెండు పట్టీల బిరుసు మాత్రం 2 రెట్లే. అదీగాక, ఒకే మేరకు వంచినప్పుడు మందపాటి పట్టీ పైపొర ఎక్కువ సాగాలి, కింది పొర ఎక్కువ నలగాలి. అందుకే అది ముందు విరుగుతుంది. సన్నని పట్టీలు ఒకదానిపై ఒకటి జారుతూ, ఎక్కువ బరువు మోస్తూనే ఎక్కువ వంగగలవు. తాటాకుల చాప వంగినంతగా తాటి పలక వంగదు కదా!

ఇందులోనే ఒక ఉపయోగకరమైన సంగతి ఉంది. పట్టీల నడుమ బురద చేరి తుప్పు పడితే, ఆ తుప్పు మన ప్రయోగంలోని బంకలా పనిచేస్తుంది. పట్టీలు జారవు, కట్ట బిరుసెక్కుతుంది. మెకానిక్కులు కట్ట విప్పి, శుభ్రం చేసి, గ్రీజు పూసేది ఇందుకే.

మూడు సూదుల పాఠం

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. పట్టీ రూపం చూసి దాని బలం తెలియదు. బలం దానిలోపల, అది నిప్పులో గడిపిన కాలంలో ఉంది. ఈ మాట అర్థం కావడానికి మూడు కుట్టుసూదులు చాలు. ఈ ప్రయోగం మాత్రం మీ సైన్సు మాస్టారి ఎదుటే చేయాలి. కళ్లకు అద్దాలు పెట్టుకోండి, సూదిని పట్టుకారుతో పట్టుకోండి.

మొదటి సూదిని స్పిరిట్ దీపం మంటలో ఎర్రగా కాల్చి, మెల్లగా చల్లారనివ్వండి. అది తీగలా వంగి, అలాగే ఉండిపోతుంది. రెండవదాన్ని ఎర్రగా కాల్చి, ఆ క్షణంలోనే చన్నీళ్లలో ముంచండి. ఇప్పుడు గుడ్డలో చుట్టి వంచితే పుటుక్కున విరుగుతుంది. మూడవదాన్ని కూడా అలాగే ముంచి, గరుకు కాగితంతో మెరిసేలా రుద్ది, మంటకు కాస్త పైన పట్టి మెల్లగా వేడి చేయండి. మెరుపు మీద పసుపు, ఊదా, నీలం రంగులు వరుసగా వస్తాయి. నీలం రాగానే తీసేయండి. ఈ సూది వంచితే వంగుతుంది, వదిలితే తిరిగి నిటారుగా నిలుస్తుంది. అదే స్ప్రింగు!

ముగ్గురు అన్నదమ్ముల్లా మూడూ ఒకే ఉక్కు, కాని మూడు స్వభావాలు. ఉక్కు అంటే ఇనుములో కొద్దిగా కర్బనం కలిసిన లోహం. బాగా ఎర్రబడినప్పుడు ఇనుప పరమాణువుల అమరిక మారి, కర్బనం వాటి మధ్య కరిగిపోతుంది. మెల్లగా చల్లారితే కర్బనం బయటికి వచ్చి వేరే చేరుతుంది, ఉక్కు మెత్తబడుతుంది. ఒక్కసారిగా చల్లారితే కర్బనానికి బయటపడే వ్యవధి ఉండదు. అది లోపలే చిక్కుకుని అమరికను బిగించేస్తుంది. అప్పుడు ఉక్కు గట్టిపడుతుంది, కాని పెళుసవుతుంది. మళ్లీ కొంచెం వేడి చేస్తే ఆ బిగువు కాస్త సడలుతుంది. గట్టిదనం కొంత పోయినా దానికి బదులు సాగే గుణం వస్తుంది. ఈ మూడవ మెట్టునే టెంపరింగ్ అంటారు.

మన ప్రాంతానికి ఈ విద్య కొత్త కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు తయారు చేసేవారు. దాన్ని కొనడానికి పారశీక వర్తకులు వచ్చేవారు. హెన్రీ వాయ్సీ అనే ఆంగ్లేయుడు ఆ పద్ధతిని చూసి రాసిన వివరణ 1832లో అచ్చయింది. థర్మామీటరు లేని ఆ రోజుల్లో నిప్పు రంగే వారికి కొలబద్ద.

గొడ్డలికీ కమానుకూ తేడా

ఇప్పుడు జవాబు చెప్పుకోవచ్చు. గొడ్డలికి పానం పెట్టేటప్పుడు కమ్మరి రెండు వేళ్ల వెడల్పున్న అంచును మాత్రమే ఎర్రగా కాల్చి ముంచుతాడు. వెనుక భాగం మెత్తగానే ఉండాలి, లేకపోతే దెబ్బకు పగులుతుంది. అంత చిన్న అంచు రంగును కంటితో కనిపెట్టడం అనుభవం ఉన్న కమ్మరికి సాధ్యమే. పొరపాటు జరిగి అంచు కొంచెం ఊడినా మళ్లీ సానపెట్టుకోవచ్చు.

కమాను పట్టీ సంగతి వేరు. మీటరుకు పైగా పొడవున్న పట్టీ ఈ కొస నుండి ఆ కొస వరకు ఒకే వేడికి రావాలి. సుమారు 850 నుండి 900 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద నూనెలో ఒక్కసారిగా మునగాలి. తర్వాత సుమారు 400 నుండి 500 డిగ్రీల వద్ద సమానంగా టెంపరింగ్ జరగాలి. కొలిమిలో నిప్పు ఉండేది జానెడు మేర. పట్టీని ముక్కముక్కగా కాలిస్తే ఒకచోట పెళుసుగా, ఒకచోట మెత్తగా మిగులుతుంది. ఇనుప దుకాణంలో దొరికే మామూలు పట్టీలో అయితే కర్బనమే చాలదు. దాన్ని ఎన్నిసార్లు ముంచినా స్ప్రింగు కాదు. కమానుకు వాడే ఉక్కులో కర్బనం 0.5 నుండి 0.6 శాతం దాకా ఉంటుంది, దానితోపాటు సిలికాన్, మాంగనీసు కూడా ఉంటాయి.

కర్మాగారంలో ఇంకొక పని కూడా చేస్తారు. పట్టీ మీదికి చిన్న ఉక్కు గుండ్లను వేగంగా చిమ్ముతారు. ఆ దెబ్బలకు పైపొర నొక్కుకుని ఉంటుంది కాబట్టి బీట తెరుచుకోవడం కష్టమవుతుంది.

మరి వెల్డింగు? అతుకు వద్ద ఉక్కు కరిగే వేడి పుడుతుంది. పక్కనున్న చల్లని లోహం ఆ వేడిని చప్పున లాగేసుకుంటుంది. కనుక అతుకు అంచు మన రెండవ సూదిలా పెళుసవుతుంది. ఇంకొంచెం అవతల ఎక్కువ వేడి తగిలి మెత్తబడుతుంది. పైకి నున్నగా కనిపించే అతుకు లోపల ఇంత తంతు జరుగుతుంది!

"ఒక వారం నడిచింది కదా" అనేవారు ఉంటారు. పట్టీ ఒక్క దెబ్బకు విరగకపోవచ్చు. ఎగుడుదిగుడు బాట మీద కమాను నిమిషానికి 90 సార్లు ఊగుతుందనుకుంటే గంటకు 5,400 సార్లు, 200 గంటల్లో 10 లక్షల 80 వేల సార్లు వంగుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ పదేపదే వంచితే తెగుతుంది కదా? అలాగే కంటికి కనిపించని బీట ప్రతి ఊపుకూ కొద్దికొద్దిగా పెరుగుతుంది. చివరి ఊపు ఏ మలుపులో వస్తుందో ఎవరికి తెలుసు? కమాను కట్ట బరువు మోయడమే కాదు, ఇరుసును దాని చోట నిలిపి ఉంచుతుంది. పెద్ద పట్టీ విరిగితే ఇరుసు పక్కకు తిరగవచ్చు, అప్పుడు బండి చేతిలో ఉండదు.

ఎక్కువ బరువు కోసం అదనపు పట్టీలు చేర్చడం కూడా తెలివైన పని కాదు. ఖాళీ బండి బరువుకు కమాను 10 సెంటీమీటర్లు వంగితే నిమిషానికి సుమారు 95 సార్లు మెత్తగా ఊగుతుంది. బిరుసు నాలుగు రెట్లయి 2.5 సెంటీమీటర్లే వంగితే సుమారు 190 సార్లు ఎగిరెగిరి పడుతుంది. చక్రం నేలను వదిలిన క్షణంలో బ్రేకు ఏం చేయగలదు? తయారీదారు నిర్ణయించిన ముఖ్య వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెప్పడం వెనుక ఇలాంటి లెక్కలు ఉన్నాయి.

అయితే చిన్నాన్న చేయగలిగినది ఏమీ లేదా? ఉంది. కమాను మీద బురద కడగవచ్చు. వాన వెలిసిన తర్వాత టార్చిలైటు వేసి ప్రతి పట్టీని పరీక్షించవచ్చు. అడ్డంగా సన్నని తుప్పు గీత కనిపిస్తే అది బీట కావచ్చు. బండి ఒక పక్కకు వాలి ఉంటే, కట్టను పట్టి ఉంచే యూ బోల్టులు వదులైతే మెకానిక్కుకు చెప్పవచ్చు. విరిగిన పట్టీకి బదులు అదే కొలత కొత్త పట్టీ వేయించవచ్చు. విరిగినదాన్ని కమ్మరికి ఇచ్చేస్తే సరి. అది మళ్లీ నిప్పులో దిగి, గొడ్డలిగా ఇంకో జన్మ ఎత్తుతుంది.

ఇప్పుడు మీకొక ప్రశ్న. కమాను వంగినప్పుడు పెద్ద పట్టీ కొసల మధ్య దూరం పెరుగుతుంది. రెండు కొసలనూ బండికి కదలకుండా బిగిస్తే ఏమవుతుంది? ఈసారి నిలిచి ఉన్న లారీని చూసినప్పుడు, ఈ చిక్కును ఎలా తప్పించారో రెండు కొసలనూ పోల్చి కనిపెట్టండి.