పోటీ పరీక్షల ప్రత్యేకం: సుస్థిరాభివృద్ధి - కంపెనీల బాధ్యత

నికర విలువ రూ.500 కోట్లు, టర్నోవర్ రూ.1,000 కోట్లు, నికర లాభం రూ.5 కోట్లలో ఏ ఒక్క పరిమితికి చేరినా, ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద వెచ్చించాలని కంపెనీల చట్టం-2013లోని సెక్షన్ 135 నిర్దేశిస్తోంది (అమలు: 2014 ఏప్రిల్ 1). అర్హమైన పనులను తెలిపే ఈ చట్టపు ఏడో షెడ్యూలును, కేంద్ర, రాష్ట్రాల అధికారాలను విభజించే రాజ్యాంగ ఏడో షెడ్యూలుగా పొరబడరాదు. పర్యావరణంతోపాటు సంప్రదాయ హస్తకళలూ కంపెనీల చట్టపు షెడ్యూలులో ఉన్నందున, నెల్లూరు జిల్లా పశ్చిమ మెట్టకు చెందిన, భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి చెక్క చెంచాల కళ ఈ నిధులకు అర్హమే. కానీ కంపెనీ పనిచేసే పరిసరాలకు ప్రాధాన్యమివ్వాలన్న నిబంధన, భారీ పరిశ్రమలు కృష్ణపట్నం తీరాన ఉన్న నెల్లూరు జిల్లాలో పశ్చిమ మెట్ట మండలాలకు అంతగా కలిసిరాదు.

వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక (బీఆర్‌ఎస్‌ఆర్): సెబీ 2021లో ప్రవేశపెట్టగా, మార్కెట్ విలువలో తొలి 1,000 లిస్టెడ్ కంపెనీలకు 2022-23 నుంచి తప్పనిసరి అయింది. ఇదే కోవలో, పర్యావరణ హిత ప్రాజెక్టులకు కేటాయించే హరిత డిపాజిట్లపై ఆర్‌బీఐ మార్గదర్శకాలు 2023 జూన్ 1న అమల్లోకి వచ్చాయి.