‘ఎంటర్‌టైన్’ : ఒక క్రియ – నాలుగు అర్థాలు

ఒక భాషలోని పదానికి మరొక భాషలో సమానమైన పదం ఒక్కటే ఉంటుందని భావించడం అనువాదంలో తరచుగా జరిగే పొరపాటు. ఆంగ్లంలోని ‘ఎంటర్‌టైన్’ అనే క్రియ ఇందుకు చక్కని ఉదాహరణ. లాటిన్ భాషలో ‘ఇంటర్’ అంటే నడుమ, ‘తెనేరె’ అంటే పట్టి ఉంచడం. ఫ్రెంచి ద్వారా ఆంగ్లంలో ప్రవేశించిన ఈ క్రియకు గల అర్థాలన్నీ ‘పట్టి ఉంచుట’ అనే మూలార్థం నుండి విస్తరించినవే.

1. అలరించుట: ఇది ప్రేక్షకుల మనస్సును పట్టి ఉంచడం. కామారెడ్డి, ఎల్లారెడ్డి 2016 అక్టోబరు 11 వరకు నిజామాబాద్ జిల్లాలో ఉండేవి. చిందు యక్షగానానికి పేరుగాంచిన ఆ జిల్లాకు చెందిన కళాకారిణియే 2005లో కన్నుమూసిన చిందు ఎల్లమ్మ.
ఉదా: చిందు కళాకారులు ఎల్లారెడ్డి ప్రజలను అలరించారు.

2. ఆతిథ్యమిచ్చుట: ఇది వచ్చినవారిని ఆదరించి నిలుపుకోవడం.
ఉదా: కామారెడ్డిలోని బంధువులు పెండ్లివారికి ఆతిథ్యమిచ్చారు.

3. మనస్సులో ఉంచుకొనుట: ఆశ, అనుమానం, ఆలోచన వంటి పదాలతో ఈ అర్థం వస్తుంది.
ఉదా: అతడు లేనిపోని అనుమానాలు పెట్టుకోలేదు.

4. పరిశీలనకు స్వీకరించుట: ఈ అర్థం కార్యాలయాలలో, న్యాయస్థానాలలో వ్యవహారంలో ఉంది.
ఉదా: గడువు దాటిన దరఖాస్తులు స్వీకరింపబడవు.

ఈ నాలుగవ వాక్యాన్ని ‘దరఖాస్తులను అలరించరు’ అని అనువదిస్తే నవ్వు వస్తుంది. కాని ప్రకటన అర్థంకాక గడువు దాటిన తరువాత వచ్చిన రైతుకు, విద్యార్థికి అది నవ్వులాట కాదు. ప్రయాణం వృథా అవుతుంది, అవకాశం చేజారుతుంది. కనుక అనువాదకుడు ముందుగా క్రియకు కర్మ ఏదో గుర్తించాలి. కర్మ ప్రేక్షకులా, అతిథులా, ఆలోచనలా, అర్జీలా అన్నదానిని బట్టి తెలుగు క్రియ మారుతుంది.

భాషాంశం: ‘అలరు’ అకర్మక క్రియ, వికసించు, సంతోషించు అని అర్థాలు. నామవాచకంగా ‘పువ్వు’ అని అర్థం. దీని ప్రేరణార్థక రూపం ‘అలరించు’. ఆంగ్ల క్రియ మనస్సును పట్టి ఉంచుతుంది. తెలుగు క్రియ దానిని పువ్వువలె వికసింపజేస్తుంది. ‘వినోదించు’ అంటే తాను ఆనందించడం, ‘వినోదపరచు’ అంటే ఇతరులకు ఆనందం కలిగించడం. ఈ భేదాన్ని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

అభ్యాసం
1. ‘ఎంటర్‌టైన్’ క్రియకు గల నాలుగు అర్థాలను సొంతవాక్యాలలో ప్రయోగించండి.
2. ‘వినోదించు’, ‘వినోదపరచు’ క్రియల భేదాన్ని సోదాహరణంగా వివరించండి.