దీపం పెట్టవే, చీకటిగా ఉంది

తెల్లారింది. పొద్దెక్కింది. ఆయన ఇంకా లేవలేదు.

"రాత్రి సారా తాగొచ్చాడు. మత్తు దిగలేదులే" అనుకుంది భార్య. కూలికి వెళ్లింది.

మధ్యాహ్నం ఇంటికి వచ్చింది. ఆయన మంచం మీద కూర్చుని తడుముకుంటున్నాడు.

"ఏమే, దీపం పెట్టవే. చీకటిగా ఉంది" అన్నాడు.

బయట ఎండ మండిపోతోంది.

ఇది కథే. కాని ఇలాంటివి నిజంగా జరుగుతున్నాయి. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచిలో కల్తీ సారా తాగి 60 మందికి పైగా చనిపోయారు. బతికినవాళ్లలో కొందరికి చూపు దెబ్బతింది.

సారాకూ కంటికీ ఏమిటి సంబంధం?

మిథనాల్ అని ఒక విషం ఉంది. రంగులు, వార్నిష్‌ల పనిలో దాన్ని వాడతారు. అది తాగేది కాదు. చూడటానికి నీళ్లలా ఉంటుంది. వాసన సారా వాసనలాగే ఉంటుంది. కొందరు డబ్బుకు ఆశపడి దాన్ని సారాలో కలుపుతారు. రంగు చూసి, రుచి చూసి ఎవరూ కనిపెట్టలేరు.

తాగిన మిథనాల్ రక్తంలో కలుస్తుంది. ఒంట్లో అది ఇంకో విషంగా మారుతుంది. దాని పేరు ఫార్మిక్ ఆమ్లం. కొన్ని రకాల చీమల్లో ఉండే మంట పుట్టించే విషం ఇదే.

కంటి నుంచి మెదడుకు ఒక నరం ఉంది. మనం చూసేదంతా ఆ నరం ద్వారానే మెదడుకు చేరుతుంది. ఈ విషం ఆ నరాన్ని దెబ్బ తీస్తుంది. పైకి కన్ను బాగానే ఉంటుంది. చూపు మాత్రం ఉండదు. కంటిలో శుక్లం వస్తే ఆపరేషన్ ఉంది. చచ్చిపోయిన నరానికి ఆపరేషన్ లేదు. కళ్లద్దాలు కూడా పనిచేయవు.

రెండు చిన్న చెంచాల మిథనాల్ చాలు, చూపు పోవడానికి. ఇంకాస్త ఎక్కువైతే ప్రాణమే పోతుంది.

ఈ విషం వెంటనే బయటపడదు. చాలాసార్లు సగం రోజు పడుతుంది. ఒక రోజు కూడా పట్టవచ్చు. అందుకే ఇంట్లోవాళ్లు మత్తు అనుకుంటారు. పడుకోనిస్తారు. ఆ పడుకున్న గంటల్లోనే కళ్లు పోతాయి.

ఈ గుర్తులు చూడండి:

తలనొప్పి. వాంతులు. కడుపులో నొప్పి. ఆయాసం. చూపు మసకబారడం. కళ్ల ముందు తెల్లటి పొగమంచు కమ్మినట్టు ఉండటం.

అప్పుడు ఏం చేయాలి?

వెంటనే 108కి ఫోన్ చేయాలి. పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. సారా తాగాడని డాక్టరుకు చెప్పాలి. పరువు పోతుందని దాచకూడదు. పోలీసులు వస్తారని భయపడకూడదు. ఏం తాగాడో తెలిస్తేనే డాక్టరు సరైన మందు ఇవ్వగలరు. ఈ విషానికి విరుగుడు ఉంది. అవసరమైతే మిషను పెట్టి రక్తం శుభ్రం చేస్తారు. ఎంత తొందరగా వెళితే అంత మంచిది.

"ఇంకో గ్లాసు పోస్తే తగ్గుతుంది" అని ఎవరైనా అంటారు. వినకండి. అదే సారా తాగినవాళ్లు ఊళ్లో ఇంకెవరున్నారో కనుక్కోండి. బాగానే ఉన్నామన్నా వాళ్లను కూడా ఆసుపత్రికి పంపండి.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మనలాగే అక్షరాలు నేర్చుకున్నారు. సారా మీద పాఠం చదివారు. ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఆ పోరాటం ఊరూరా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి అప్పటి ఆంధ్రప్రదేశ్ అంతటా ప్రభుత్వం సారాను నిషేధించింది. కాని దొంగసారా పోలేదు. కొన్నిచోట్ల నాటుసారా అంటారు. కొన్నిచోట్ల గుడుంబా అంటారు. పేరు ఏదైనా, అందులో ఏం కలిపారో తాగేవాడికి తెలియదు.

మాట్లాడుకోండి:

1. మధ్యాహ్నం వేళ ఆయనకు చీకటిగా ఎందుకు కనిపించింది?
2. పొద్దున్నే ఆమె ఏం గమనిస్తే బాగుండేది?
3. మన ఊరికి దొంగసారా ఎక్కడి నుంచి వస్తోంది? మనమంతా కలిస్తే ఏం చేయగలం?