బెల్టు మీదికి వెళ్ళే పెట్టె

పిల్లల్ని చూడ్డానికి అమెరికా వెళ్ళొచ్చే అమ్మానాన్నలు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నారు. పెట్టెకి 23 కిలోలన్న లెక్క అందరికీ కంఠతా వచ్చు. ఇంట్లో కాటా పెట్టి మరీ గోంగూర పచ్చడి తూచుకుంటాం కానీ, ఆ పెట్టె మన చెయ్యి దాటాక ఎవరెవరి చేతుల్లో పడుతుందో ఆలోచించం. మావారూ నేనూ ఏళ్ళ తరబడి హైదరాబాదుకీ డాలస్‌కీ మధ్య తిరుగుతూ గ్రహించినవి నా ఈడు వాళ్ళ కోసం రాస్తున్నాను.

1. పోతే తట్టుకోలేని వస్తువేదీ విమానం కింది భాగంలోకి వెళ్ళే చెకిన్ పెట్టెలో వెయ్యకండి. బంగారం, డబ్బు, పొలం కాగితాలు, రోజువారీ మందులు, డాక్టరు రాసిన చీటీ, అన్నీ మీతోనే ఉండాలి. వాటిని క్యాబిన్ బ్యాగులో పెట్టేసి నిశ్చింతగా ఉండడానికీ లేదు. విమానం నిండితే పై అరల్లో చోటు లేదని గేటు దగ్గరే ఆ బ్యాగు కూడా తీసుకుని కిందికి పంపేస్తారు. వెనక జనం తోసుకొస్తుంటే నల్లపూసలు వెతికి బయటికి తీసే వ్యవధి ఎక్కడుంటుంది? అందుకే నగలూ మందులూ వేరే చిన్న సంచిలో పెట్టి భుజానికి తగిలించుకోవాలి.

2. జిప్పుని నమ్మకండి. మా మనవడు ఓ సాయంత్రం హాల్లో పెట్టె పడుకోబెట్టి చూపించాడు. రెండు జిప్పు కొక్కేలనూ కలిపి చిన్న తాళం వేశాం. వాడు మామూలు బాల్‌పెన్ను మొన జిప్పు పళ్ళ మధ్య గుచ్చి నొక్కితే పళ్ళు విడిపోయి పెట్టె నోరు తెరిచింది. చెయ్యి పెట్టి చీర లాగి, తాళంతో సహా ఆ రెండు కొక్కేలనూ అటు చివరికీ ఇటు చివరికీ జరిపాడు. పళ్ళు మళ్ళీ కలుసుకున్నాయి. తెరిచిన ఆనవాలే లేదు!
కొక్కేలు జరక్కుండా ఉంటే, పెన్నుతో విప్పినా తిరిగి మూయలేరు. కాబట్టి తాళాన్ని పెట్టె పిడికి కూడా కలిపి బిగించండి, లేదా కొక్కేలు పెట్టెలోనే ఇరుక్కునే తాళం ఉన్నది కొనండి. జిప్పు లేకుండా క్లిప్పులతో మూసుకునే గట్టి పెట్టె ఇంకా మేలు.

3. అమెరికా వెళ్ళే పెట్టెకి టీఎస్ఏ తాళమే వెయ్యాలి. అక్కడి తనిఖీ సిబ్బంది దగ్గర దానికి మాస్టర్ తాళంచెవి ఉంటుంది. వేరే తాళమైతే పగలగొట్టే అధికారం వాళ్ళకుంది. పెట్టె తెరిస్తే లోపల ఒక అచ్చుకాగితం పెడతారు, అది పారేయకండి. ఐతే ఆ మాస్టర్ తాళంచెవుల ఫొటోలు పత్రికలోకెక్కి, 2015 నాటికి వాటి నమూనాలు ఇంటర్నెట్‌లో అందరికీ దొరికాయి. ఆ తాళం దొంగని ఆపుతుందనుకోవద్దు.

4. పెట్టె తెరవాల్సిన అవసరం సిబ్బందికి కల్పించకండి. పవర్‌బ్యాంకు, విడి లిథియం బ్యాటరీలు చెకిన్‌లో నిషిద్ధం. అవి ఎక్స్‌రేలో కనబడితే పెట్టె పక్కకి వస్తుంది. పొడులూ పచ్చళ్ళూ ఒకేచోట కుక్కితే దట్టమైన ముద్దలా కనిపించి అనుమానం వస్తుంది. విడివిడిగా సర్దండి.

5. అన్నిటికన్నా నేను పట్టుబట్టి చెప్పేది ట్యాగు గురించి. 2023 మార్చిలో బ్రెజిల్ నుంచి బెర్లిన్ బయల్దేరిన ఇద్దరు మహిళల్ని జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో అరెస్టు చేశారు. వాళ్ళ పేరున్న ట్యాగులతో వచ్చిన పెట్టెల్లో కొకైన్ దొరికింది. ఆ పెట్టెలు వాళ్ళవి కావు. సావోపాలో విమానాశ్రయంలో పనిచేసే ముఠా ఒకటి వాళ్ళ ట్యాగులు పీకి వేరే పెట్టెలకి అంటించింది. సీసీటీవీ దృశ్యాలు బయటపడేదాకా, నెలకి పైగా, ఏ పాపం ఎరగని ఆ ఇద్దరూ జైల్లో ఉన్నారు. తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడ వస్తుంది.
అందుకే కౌంటర్లో పెట్టె కాటా మీద ఉండగానే, ట్యాగూ బరువు అంకే కనబడేలా ఫొటో తీయండి. ట్యాగు మీద మీ పేరు, చేరాల్సిన ఊరి మూడక్షరాల కోడ్ చదవండి. పాత ప్రయాణాల ట్యాగులు ఇంట్లోనే చింపేయండి. చేతికిచ్చే చిన్న చీటీ ఇల్లు చేరి పెట్టె విప్పేదాకా భద్రం. బయట ఇంటి చిరునామా రాయకండి, ఫోను నంబరు చాలు. వెళ్ళే చోటి చిరునామా కాగితం మీద రాసి లోపల పెట్టండి.

6. “వదినా, మా వాడికీ కాస్త పొట్లం పట్టుకెళ్ళవూ?” అంటారు. మొహమాటపడకుండా వాళ్ళ ఎదుటే విప్పి చూడాలి. చూడనివ్వకపోతే తీసుకోకూడదు, ఎంత దగ్గరవాళ్ళయినా సరే. పెట్టెలో ఉన్నదానికి జవాబు మీరే చెప్పాలి.

7. అమెరికాలో దేశీయ విమానం దిగాక పెట్టెలొచ్చే బెల్టు దగ్గరికి చాలాచోట్ల రోడ్డు మీంచి ఎవరైనా నడిచి రావచ్చు. ముందు అక్కడికే వెళ్ళండి, కాఫీ తర్వాత. నల్లపెట్టెలన్నీ ఒక్కలాగే ఉంటాయి గనక పిడికి పాత చీర అంచు ముక్క కట్టండి.

8. పెట్టె అందగానే జిప్పు, తాళం, బరువు చూసుకోండి. బయట పిల్లలు ఎదురుచూస్తున్నా సరే, తేడా కనిపిస్తే ఆ హాలు దాటక ముందే ఎయిర్‌లైన్ కౌంటర్లో పీఐఆర్ అనే ఫిర్యాదు రాయించి కాపీ తీసుకోండి. అంతర్జాతీయ ప్రయాణాలకి వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, నష్టం జరిగితే పెట్టె అందిన ఏడు రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపాలి. 21 రోజులైనా రాని పెట్టెకి పోయినట్టుగా పరిహారం అడగొచ్చు. దానికి మనిషికింత అని గరిష్ఠ పరిమితి ఉంది: 2024 డిసెంబరు 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్‌లు (ఐఎంఎఫ్ వాడే ద్రవ్య లెక్క), సుమారు రెండువేల డాలర్లు. అదీ వస్తువుల విలువ రుజువు చేస్తేనే. సర్దేటప్పుడు వరస వారీగా ఫొటోలు, పట్టుచీరల బిల్లులు ఫోనులో ఉంచండి. మా వీధిలో ఒకావిడ వెండి కుందులు పోయాయి. నిద్ర తేరుకుని నింపాదిగా పెట్టె విప్పేసరికి పదిరోజులైంది, గడువు దాటిందన్నారు. ఎంత అలసిపోయినా ఆ రాత్రే పెట్టెలన్నీ విప్పించండి.