రేఖల పొత్తు

మార్కాపురం పేరు వినగానే ఒక తరం తెలుగువారికి నల్లని రాతిపలక జ్ఞాపకం వస్తుంది. కొయ్య చట్రంలో బిగించిన ఆ పలకమీదనే వారు అక్షరాలు దిద్దారు, తొలి బొమ్మలూ గీశారు. పిల్లవాడు గీసిన ఇంటి గోడకూ కప్పుకూ నడుమ కొంత ఖాళీ మిగిలినా అది ఇల్లే. చూచేవారి కన్ను ఆ ఖాళీని తానే పూరించుకొనేది. తప్పనిపిస్తే అరచేతితో తుడిచివేస్తే సరిపోయేది.

కాగితపు పుస్తకాలు పెరిగి రాతిపలక వాడుక తగ్గింది. ఆ రాయి గోడలకు అతికే పెంకులుగా, నేలపై పరిచే బండలుగా కూడా ఇతర దేశాలకు ఎగుమతి అవుతున్నది. బలపం పట్టినవారి మనుమలు ఇంజనీరింగు, పాలిటెక్నిక్ తరగతులలో కంప్యూటర్ తెరపై బొమ్మలు గీస్తున్నారు. కంప్యూటర్ సహాయంతో చేసే ఈ రూపకల్పననే క్యాడ్ అంటారు. ఈ కొత్త పలకకు ఖాళీలను పూరించుకొనే కన్ను లేదు. దానికి ఉన్నది లెక్క ఒక్కటే.

క్యాడ్ దృష్టిలో సరళరేఖ అంటే రెండు అంత్యబిందువుల నిరూపకాలు. రెండు రేఖలు కలిశాయని అది అంగీకరించాలంటే ఒకదాని అంత్యబిందువూ రెండవదాని ఆరంభబిందువూ ఒక్కటే కావాలి. 300 మిల్లీమీటర్ల పొడవైన పలక బొమ్మ తెరమీద 1000 చుక్కల మేర పరచుకొన్నదనుకొందాం. అప్పుడు ఒక్కొక్క చుక్క 0.3 మిల్లీమీటర్లకు సమానం. మూలవద్ద రెండు గీతల నడుమ 0.02 మిల్లీమీటర్ల ఎడం ఉంటే అది చుక్కలో పదిహేనో వంతు మాత్రమే. ఎంత నిశితంగా చూచినా అది కంటికి కనపడదు. అయినా ఆ బొమ్మకు మందం ఇచ్చి ఘనరూపం తెమ్మంటే క్యాడ్ నిరాకరిస్తుంది, లేదా లోపల గుల్లగా ఉన్న పలుచని గోడలను మాత్రం నిలబెట్టి ఊరుకుంటుంది.

ఇది యంత్రపు మూర్ఖత్వంగా తోచవచ్చు. అది సబబే అనడానికి సాక్ష్యం మార్కాపురానికి దగ్గరలోనే, కంభంలో ఉన్నది. గుండ్లకమ్మ నది రెండు కొండల సందున సాగే చోట, విజయనగర రాజుల కాలంలో అడ్డుకట్ట వేసి కంభం చెరువును నిర్మించారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజి సంఘం దానిని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. ఆ కట్ట ఎంత బలమైనదైనా కొండను తాకే చోట జానెడు సందు మిగిలి ఉంటే అక్కడ చెరువే ఉండేది కాదు. నీరు 'దాదాపు' అనే మాటను ఎరుగదు. క్యాడ్‌కు ఘనరూపం కట్టాలంటే లోపలేదో, వెలుపలేదో తేలాలి. సందు ఉన్న హద్దుకు లోపలంటూ లేదు.

ఈ చిక్కును క్యాడ్ పుట్టిననాడే గుర్తించారు. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో ఐవాన్ సదర్లాండ్ రూపొందించిన 'స్కెచ్‌ప్యాడ్'లో, కాంతి కలాన్ని ఇదివరకే ఉన్న బిందువు సమీపానికి తెస్తే చాలు, కొత్త గీత ఆ బిందువునే పట్టుకొనేది. నేటి క్యాడ్‌లలోని 'స్నాప్' సదుపాయానికి మూలం అదే. విద్యార్థులు చేసే పొరపాట్లలో ఎక్కువ భాగం దీనిని ఆపివేసి, కంటి అంచనాతో గీయడంవల్ల వచ్చేవే. మరికొందరు సందు లేకుండా ఉండాలని గీతను కొంచెం ముందుకు పొడిగిస్తారు. అప్పుడు మూల దాటి తోక మిగులుతుంది, అదీ తప్పే. తోకను 'ట్రిమ్'తో కత్తిరించాలి. ఒకే గీతపై మరొక గీత పడి దాగి ఉండటం అన్నిటికంటె మోసకరమైనది, ఎందుకంటే బొమ్మను ఎంత పెద్దది చేసి చూచినా అది బయటపడదు.

ఇక వక్రరేఖల సంగతి. 30 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు గల పలకకు నాలుగు మూలలనూ 2 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా చేయాలి. చాపాన్ని విడిగా గీసి మూలలో అతికించబోతే చివరలు కలిసినా నొక్కు మిగలవచ్చు. సరళరేఖ చాపానికి స్పర్శరేఖ కావాలి. అనగా కలిసే బిందువువద్ద వ్యాసార్ధం ఆ రేఖకు లంబంగా ఉండాలి. కనుక చాపకేంద్రం రెండు అంచులకూ సరిగ్గా 2 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అంచులు 26, 16 సెంటీమీటర్లకు తగ్గుతాయి. 'ఫిలెట్' ఆదేశం ఈ పనులన్నీ ఒక్కసారిగా చేస్తుంది. వ్యాసార్ధం సున్న అని ఇస్తే అదే ఆదేశం ఎడమైన రెండు గీతలను పదునైన మూలగా కలుపుతుంది. ఈ ఉపాయం తెలిసినవారు తక్కువ. చివరకు 'జాయిన్'తో ఎనిమిది ముక్కలను ఒక్క గొలుసుగా చేసి చుట్టుకొలత అడగండి. 96.57 సెంటీమీటర్లు, వైశాల్యం 596.57 చదరపు సెంటీమీటర్లు రావాలి. రాకపోతే బొమ్మను కోత యంత్రానికి పంపకండి. కోసిన రాతిని అరచేతితో తుడవలేము.

స్పర్శ కుదిరితే పని ముగిసినట్లేనా? పలకకు ముగిసినట్లే. రైలుకు కాదు. గిద్దలూరు దాటి దిగువమెట్ట మీదుగా నంద్యాలవైపు పోయే రైలుమార్గం నల్లమల అడవిలో మలుపులు తిరుగుతూ సాగుతుంది. ఇటువంటి మార్గంలో తిన్నని పట్టాలకు వృత్తచాపాన్ని నేరుగా తగిలిస్తే నొక్కు కనపడదు కాని, వక్రత సున్న నుండి ఒక్కసారిగా పెరుగుతుంది. గంటకు 72 కిలోమీటర్లు, అనగా సెకనుకు 20 మీటర్ల వేగంతో పోయే బండి 400 మీటర్ల వ్యాసార్ధంగల చాపంలో అడుగిడిన క్షణాన, ప్రయాణికుడిపై అతని బరువులో దాదాపు పదోవంతు పక్కతోపు పడుతుంది. ఇది క్రమంగా గాక ఒక్క కుదుపుగా వస్తుంది. అందుకే రైల్వే ఇంజనీర్లు రేఖకూ చాపానికీ నడుమ వక్రత మెల్లమెల్లగా పెరిగే సంధివక్రాన్ని ఉంచుతారు. భారతీయ రైల్వేలు ఇందుకు ఘన పరావలయాన్ని వాడతాయి. వెలుపలి పట్టాను ఎత్తు చేయడం కూడా ఆ నిడివిలోనే క్రమంగా జరుగుతుంది.

కారు పైకప్పు గీసే రూపశిల్పికీ ఇదే అవసరం. వక్రత హఠాత్తుగా మారిన చోట దానిపై పడిన వెలుగుగీత విరిగినట్లు కనిపిస్తుంది. కొన్ని క్యాడ్‌లలో వక్రతను దువ్వెన పళ్ళవలె చూపించే సాధనం ఉన్నది. రేఖవెంట పళ్ళు లేవు. చాపం మొదలుకాగానే నిలువెత్తున లేస్తాయి. సంధివక్రం చేరిస్తే అవి నేలనుండి మెట్టమీదికి పాకినట్లు పెరుగుతాయి.